మూలకానికో బుల్లి కథ: నంబరు ఎంతో అన్నే మాటలు. ఉదజని (హైడ్రోజన్) దగ్గరే బోర్లాపడ్డా, ఎవరైనా ఓ చెయ్యేయండి

#1 తుత్తునాగం
నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తా. ఈసారి కాలేజీ గోడపత్రికకి ఒక ఐడియా వేశా. ఒక్కో మూలకం మీద ఒక్కో సైన్స్ ఫిక్షన్ కథ, రూలు ఒకటే, పరమాణు సంఖ్య ఎంతో అన్ని మాటలే ఉండాలి, ఒకటి ఎక్కువ కాకూడదు ఒకటి తగ్గకూడదు. కార్బన్‌కి 6, ఇనుముకి 26, బంగారానికి 79. క్లాసులో చెప్పినప్పుడు భలే అనిపించింది, చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు నలభై కథలు వచ్చాయి, నలభైలోనూ చివర్లో భూమి పేలిపోతుంది. సోడియంతో పేలింది, పొటాషియంతో పేలింది, ఒకడు నియాన్‌తో కూడా పేల్చాడు. నియాన్ దేనితోనూ కలవదు కదరా నాయనా అంటే "ఎవరితోనూ కలవలేకపోయాననే బాధతో పేలింది సార్" అన్నాడు, వాడికి ఏం మార్కులెయ్యాలో తెలీలా.
సరే అది పక్కన పెట్టండి. నా బాధ వేరే. చీట్లు తీస్తే ఉదజని, హీలియం నా వాటాకొచ్చాయి. ఒక మాటలో ఒక కథ, రెండు మాటల్లో ఒక కథ. వారం నుంచి బుర్ర గోక్కుంటున్నా, "పేలింది" తప్ప ఏమీ తట్టట్లేదు. పిల్లల్ని తిట్టిన నోటితోనే అదెలా రాస్తా?

#2 కారంపొడి
హీలియం సంగతి నాకొదిలెయ్యండి మాస్టారూ, అది మా ఊరిది. కథ: "గుంటూరులో దొరికింది." రెండు మాటలు. అయిపోయింది, తర్వాతది తీయండి.

#3 ఎనిమిదో_వరస
@కారంపొడి ఇది కథ కాదు, ఊరి గొప్ప. పైగా సగమే నిజం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరులో దుర్భిణి పెట్టుకుని సూర్యుడి అంచున లేచే మంటల వర్ణపటం, అంటే వెలుగు విడిపోయి కనిపించే రంగు గీతలు, చూశాడు, ఇది నిజం. ఆ గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకి తట్టింది, మర్నాడే చూశాడు కూడా. కొత్త మూలకం అని మాత్రం ఆయన అన్లేదు. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ కూడా పసుపు గీత చూశాడు. ఆ పసుపు గీత సోడియంది కాదని పట్టుబట్టింది లాక్యర్, అదీ ఇంగ్లండులో కూర్చుని, అక్టోబరులో. భూమ్మీద ఆ వాయువు చేతికి దొరికింది 1895లో, రామ్సేకి, యురేనియం ఉన్న ఓ రాయిలోంచి.

#4 కారంపొడి
కృష్ణ ఇవతలైతే గుంటూరు, అవతలైతే మచిలీపట్నం, ఎటు చూసినా మన నేల మీదే గదా. లండనాయన ఖాతాలో ఎందుకేస్తారయ్యా. గ్రహణం చూడ్డానికి మా ఊరు రావాల్సొచ్చింది, పేరు పెట్టడానికి మాత్రం మేం పనికిరాలా.

#5 సంధి_విసంధి
అసలు మొదలే తేలలేదు. తెలుగులో "మాట" అంటే ఏది? రామాలయం ఒకటా రెండా? "వెళ్లాలనుకుంటున్నానేమో" అని రాస్తే ఒకటే మాటా, లేక వెళ్లాలి, అనుకుంటున్నాను, ఏమో అని మూడా? ఈ లెక్క తేల్చకుండా పోటీ పెడితే, ఆక్సిజన్ కథ మొత్తం ఒకే సమాసంలో రాసి తెచ్చేవాళ్లుంటారు. నేనే తెస్తాను.

#6 పాదరసం_పాప
స్పేస్ బార్ కొడితే రెండు, కొట్టకపోతే ఒకటి. ఫోన్ అలాగే లెక్కెడుతుంది. పండితులవారూ దయచేసి దీన్ని అవధానం చెయ్యకండి.

#7 సంధి_విసంధి
సరే, ఖాళీయే ప్రమాణం. కానీ అతికించకూడనివి అతికిస్తే ఊరుకోను. చూస్తూ ఉంటాను.

#8 పాదరసం_పాప
లిథియం, 3: "ఫోన్ ఛార్జింగెట్టి పడుకున్నాడు."

#9 కారంపొడి
ఇది సైన్స్ ఫిక్షన్ కాదమ్మా, మా పక్కింటోళ్ల కథ. పరుపు కాలింది, మనిషికి ఏం కాలా. చవగ్గా వస్తందని పేరూ ఊరూ లేని ఛార్జరు కొన్నాడు. ఇప్పుడు ఫోను వంటింట్లో, ఆయన వరండాలో.

#10 ఎనిమిదో_వరస
నాకు ఈ ఆటలో ఒకే పరీక్ష కనిపిస్తోంది. కథలో మూలకం పేరు తీసి ఇంకోటి పెట్టి చూడండి. అయినా నడిస్తే అది మూలకం కథ కాదు, మామూలు కథకి మూలకం లేబులు అంటించినట్టు. పిల్లల నలభై కథలూ అక్కడే పడిపోతాయి. #8 నిలబడుతుంది, ఎందుకంటే జేబులో పెట్టుకుని తిరిగేంత తేలికైన లోహం, పక్కలో పెట్టుకుంటే అంటుకునే లోహం అదే.

#11 తుత్తునాగం
అబ్బ ఇది బావుంది, రేపు క్లాసులో చెప్తా. నేను కార్బన్‌కి ఇది రాసుకున్నా, చూడండి: "తాతని పెన్సిల్ చేయించాం. మనవడు రోజూ అరగదీస్తున్నాడు." ఆరు.

#12 డల్లాస్_బామ్మర్ది
మాస్టారూ ఇది పడుకునే ముందు చదివాను, మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన నన్ను అరగదీశారు, లెక్కలు చేయించి చేయించి.

#13 బోరుబావి
నాది నల్గొండ దిక్కు. ఫ్లోరిన్ నేనే రాస్త, ఇంకెవరు రాసినా ఒప్పుకోను. 9 మాటలు:
"గ్రహాంతరవాసులొచ్చారు. నీళ్లడిగారు. బోరు నీళ్లిచ్చాం. ఇప్పుడు వాళ్లూ మాలాగే వంగి నడుస్తున్నారు."

#14 పాదరసం_పాప
...

#15 కారంపొడి
జోకేద్దామని వచ్చి ఆగిపోయా.

#16 బోరుబావి
జోకెయ్యుర్రి, ఏం కాదు. మేం మస్తు ఏసుకున్నం మా మీద. మా బళ్లె ఫొటో దిగుతుంటే సారు "నవ్వుర్రా" అంటే ఒక్కడు నోరు తెర్వకపోయేది, పండ్ల మీద గోధుమరంగు చారలు కనవడ్తయని. అందరం పెదాలు బిగవట్టుకొని నిలవడ్డం, చూసినోళ్లు క్రమశిక్షణ అనుకున్నరు. పండ్లు పోతే పోనీ, ఎముకలకు పడితెనే కష్టం. మా పెదనాయిన మెడ తిప్పాల్నంటే మనిషి మొత్తం తిరిగేటోడు. నీళ్లు చూస్తె తేటగ ఉంటయి, వాసన లేదు, రుచి గూడ మంచిగనే ఉంటది, అదే దాని మోసం. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితె తాగొద్దంటరు, మా బోర్లల్ల అంతకన్న ఎన్నో రెట్లు ఉండె. అమ్మ రెండు బకెట్లు పెట్టి పటిక, సున్నం కలిపి తేర్చేది, దానికి దేశమంత "నల్గొండ పద్ధతి" అని మా జిల్లా పేరే పెట్టిర్రు. పేరొచ్చింది గని నీళ్లు రాలె చాన ఏండ్లు. ఇప్పుడు నది నీళ్లొస్తున్నయి, మా పిల్లల పండ్లు తెల్లగున్నయి.

#17 ఎనిమిదో_వరస
మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో చూసి. అంటే అప్పటికే తెలుసు. నా పరీక్షకి కూడా ఇది పూర్తి మార్కులతో పాసు, ఫ్లోరిన్ తీసి ఇంకోటి పెట్టలేం.

#18 డల్లాస్_బామ్మర్ది
@బోరుబావి ఇది సైన్స్ ఫిక్షనా కాదా అని అడుగుదామనుకున్నా. గ్రహాంతరవాసులు తప్ప అంతా నిజమే కదా.

#19 బోరుబావి
గ్రహాంతరవాసులు గూడ వచ్చిర్రు. సర్వే అని.

#20 నైట్‌షిఫ్ట్
నేను ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్. స్కాన్ తీయడానికి మేం ఎక్కించే రేడియోధార్మిక మూలకం, టెక్నీషియం నాకివ్వండి, పేరు కూడా కలుస్తోంది. 43 మాటలు, మూడుసార్లు లెక్కపెట్టా.
"అమ్మకి ఉదయం ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి అర్ధరూపాయి, రాత్రికి పావలా, తెల్లారేసరికి బేడ. ప్రతి ఆరుగంటలకీ అమ్మ కొంచెం మామూలు మనిషవుతోంది. కానీ ఆ మొదటి గంటలో ఒళ్లంతా వెలుగుతున్న అమ్మని ఏదో దూరపు గ్రహం నుంచి ఎవరో చూసి చెయ్యూపారట. ఇప్పుడు రోజూ అడుగుతోంది: ఇంకో ఇంజెక్షన్ ఎప్పుడు వేయిస్తావురా, పాపం వాళ్లు నాకోసం అక్కడే నిలబడి ఎదురుచూస్తుంటారు."

#21 పాదరసం_పాప
బేడ అంటే?

#22 సంధి_విసంధి
రెండణాలు. రూపాయిలో ఎనిమిదో వంతు. అర్ధ, పావలా, బేడ అని సగం సగం తరిగిపోతుంటుంది, అర్ధాయువుకి (ఉన్నది సగమయ్యేందుకు పట్టే కాలానికి) ఇంతకంటే మంచి తెలుగు నేను చూడలేదు. ఈ కథకి లెక్క పెట్టను, పెట్టినా బయటికి చెప్పను.

#23 ఎనిమిదో_వరస
చిన్న అడ్డు. దూరపు గ్రహానికి వెలుగు చేరడానికే ఏళ్లు పడుతుంది, మొదటి గంటలోనే చెయ్యెలా ఊపారు?

#24 నైట్‌షిఫ్ట్
"చెయ్యూపారట" అని రాశా చూడండి. ఆ "ట" అమ్మది, నాది కాదు 🙂
నిజంలో జరిగేది కూడా కథలాగే ఉంటుందండీ. మాకు వారానికోసారి సీసపు కుండ ఒకటొస్తుంది, లోపల మాలిబ్డినం ఉంటుంది, దానికి అర్ధాయువు 66 గంటలు, అది తరుగుతూ తరుగుతూ టెక్నీషియంని పుట్టిస్తుంటుంది. పొద్దున్నే ఉప్పునీళ్లు పంపి ఆ టెక్నీషియంని సీసాలోకి లాగుతాం. ఇంగ్లీషోళ్లు కూడా దాన్ని ఆవు అంటారు, మేం పాలు పితకడం అనే అంటాం. సోమవారం చిక్కగా ఇస్తుంది, శనివారానికి నీళ్లపాలే. పేషెంట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండు గంటలు లేటుగా వస్తే డోసు మళ్లీ లెక్కేసుకోవాలి, మనం ఆగినా అది ఆగదు. ఇంకోటి, మూలకాల పట్టికలో 43 గడి చాలాకాలం ఖాళీగా ఉంది, దొరికింది 1937లో, అదీ అమెరికా నుంచి ఇటలీకి పంపిన, కణాల్ని వేగంగా తిప్పే సైక్లోట్రాన్‌లో వాడేసిన ఒక మాలిబ్డినం రేకులో. అప్పుడూ మాలిబ్డినమే తల్లి.

#25 కారంపొడి
1937లోనే ఫ్లోరిన్ గొడవ, 1937లోనే ఇది. ఆ సంవత్సరానికి ఎవరో కథ రాయండి, 1937 మాటల్లో.

#26 తుత్తునాగం
వద్దు మహాప్రభో.
మా విద్యార్థిని ఒకమ్మాయి ఆ నలభై తర్వాత కొత్తగా రాసింది పెడుతున్నా, గాలియం, 31. భూమి పేలని ఒకే ఒక్క కథ:
"బెజవాడ మే నెల. మ్యూజియంలో గ్రహాంతరవాసి విగ్రహం మాయం. గాజుపెట్టెలో మెరిసే మడుగు ఒకటి మిగిలింది. సీసీ కెమెరాలో దొంగెవడూ లేడు. కరెంటు పోయిన టైము మాత్రం ఉంది. జనవరిలో చలి పెరిగింది. ఒకరాత్రి ఆ మడుగులోంచి రెండు కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి."

#27 డల్లాస్_బామ్మర్ది
ఏసీ ఆగిపోతే కరిగిపోయిందా! ఈ అమ్మాయి ఎవరో గానీ దండం.

#28 ఎనిమిదో_వరస
గాలియం కరిగేది 29.76 డిగ్రీల దగ్గర, కాబట్టి బెజవాడ మే నెలలో అది ఖాయంగా నీళ్లే. కానీ ఒక చిక్కు, గాలియం ఒకసారి కరిగాక అంత తేలిగ్గా మళ్లీ గడ్డకట్టదు, దాని డిగ్రీ కంటే బాగా కిందికి వెళ్లినా ద్రవంగానే మొండికేస్తుంది. గట్టి గాలియం ముక్క ఒకటి తగిలిస్తే గానీ కదలదు. బెజవాడ చలి సరిపోతుందా అని నా అనుమానం.

#29 కారంపొడి
నీ పరీక్షలో పాసయినా ఇంకా పీకులాటేనా. బెజవాడ చలి సరిపోదు, అందుకే కళ్లు మాత్రమే తెరిచాడు. లంబసింగిలో పెట్టుంటే లేచి నడిచేవాడు.

#30 తుత్తునాగం
😂😂 ఇది ఆ అమ్మాయికి చదివి వినిపిస్తా.
ఇంకో సంగతి, ఈ గాలియం దొరక్కముందే, మూలకాల పట్టిక వేసిన మెండలీవ్ దానికి గడి ఖాళీ వదిలి "ఏక అల్యూమినియం" అని పేరు పెట్టాడు. మన సంస్కృతం ఏకమే. 1875లో దొరికింది.

#31 సంధి_విసంధి
పేర్ల మాటొచ్చింది కాబట్టి. ఆక్సిజన్‌ని మనం ఆమ్లజని అన్నాం, ఆమ్లాల్ని పుట్టించేది అని. అది ఆ పేరు పెట్టిన లావోయిజియే పొరపాటు, ఆమ్లాలన్నిట్లోనూ ఆక్సిజన్ ఉంటుందనుకున్నాడు, ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో చుక్క కూడా లేదు. ఆయన తప్పుని మనం శ్రద్ధగా అనువదించుకుని దాచుకున్నాం. ప్రాణవాయువు అన్న పేరే నయం. ఉదజని మాత్రం కరెక్టు, ఉదకాన్ని పుట్టించేది.

#32 కారంపొడి
టెల్లూరియం మాత్రం తెలుగోళ్లదే, పేరులోనే ఉంది. కాదనకండి.

#33 ఎనిమిదో_వరస
లాటిన్‌లో భూమి అని అర్థం. అది ఒంట్లోకి పోతే రోజుల తరబడి నోట్లోంచి వెల్లుల్లి వాసనొస్తుంది.

#34 కారంపొడి
మరి తెలుగోళ్లది కాదంటావేంటి?

#35 పాదరసం_పాప
బంగారం నేను రాశా. 81 వచ్చాయి, రెండు ఎక్కువ, తీయలేక ఏడుపొస్తోంది, అందుకే పెట్టట్లేదు, కథ చెప్తా. మా నాన్నది తాకట్టు కొట్టు, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి అక్కడే హోంవర్క్ చేసుకునేదాన్ని. నగ తెస్తే నాన్న నల్లటి గీటురాయి మీద ఓ గీత గీసి, పక్కన తనకి తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండిటి మీదా ఆసిడ్ చుక్క వేసేవాడు. నకిలీది బుస్సుమని మాయమయ్యేది. అసలుది అలాగే ఉండేది, నాన్న తల పైకెత్తకుండా "ఎంత కావాలమ్మా" అనేవాడు. నా కథలో ఒక ముసలమ్మ నాంతాడు తెస్తుంది, గీత గీస్తే అది రాయి మీద నిలవకుండా రెండుగా చీలి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంది, వేగం పెరుగుతుంది, గుద్దుకుంటాయి, కొట్టంతా తెల్లటి వెలుగు. నాన్న అడుగుతాడు "ఎంత కావాలమ్మా". ఆమె అంటుంది "డబ్బులొద్దయ్యా, ఎప్పటిదో చెప్పు చాలు".

#36 ఎనిమిదో_వరస
బాగా పట్టావు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు అలా తిరిగి తిరిగి గుద్దుకోవడం ఇక్కడి పరికరాలకి చిక్కింది, 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల. బంగారం లాంటి బరువైనవి అలాంటి చోట్ల తయారవుతాయి. ఒక్క మాట, ప్లాటినం కూడా అక్కడే తయారవుతుంది.

#37 పాదరసం_పాప
ప్లాటినం తాకట్టు పెట్టడానికి మా కొట్టుకి ఒక్కరూ రాలేదు సార్. మీ పరీక్ష మా వీధిలో కూడా పెట్టండి ఒకసారి.

#38 ఎనిమిదో_వరస
ఓడిపోయాను. ఇది నా పరీక్షలో లేని కోణం.

#39 సంధి_విసంధి
రెండు మాటలేగా ఎక్కువ. ప్రైవేటుగా పంపు, కోసిస్తాను. విశేషణాలు ఉంటే ముందే వదిలేసుకో.

#40 డల్లాస్_బామ్మర్ది
అందరూ మాస్టారి హీలియంని మర్చిపోయారు. నేను ఊరెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణం రోజు గుమ్మం దగ్గర "వెళ్తాను నాయనమ్మా" అనేవాడిని, ఆవిడ నెత్తి మీద ఒకటిచ్చి "వెళ్తాననకూడదు, వెళ్లొస్తాననాలి" అని మళ్లీ చెప్పించేది, కారు స్టార్టయ్యాక కూడా దింపి చెప్పించిన రోజుంది. మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకి హీలియం బెలూన్లు తెచ్చాం, ఒకటి చేతిలోంచి జారింది. బెలూన్ ఎక్కడో పగిలి పడుతుంది గానీ లోపలి హీలియం అలా పైకి పైకి పోయి చివరికి భూమినే వదిలేస్తుందట, దాన్ని పట్టి ఉంచేంత బలం భూమికి లేదట. అందుకని, రెండు మాటలు:
"వెళ్తానంది, వెళ్లొస్తాననలేదు."

#41 కారంపొడి
గుంటూరు తరఫున నా కథ వెనక్కి తీసుకుంటున్నా.

#42 తుత్తునాగం
ఇంకేం మాట్లాడను. ఇదే గోడెక్కుతుంది. మీ పేరు వేయమంటారా?

#43 డల్లాస్_బామ్మర్ది
నాయనమ్మ అని వేయండి.

#44 నైట్‌షిఫ్ట్
ఫ్రాన్సియం ఎవరైనా తీసుకున్నారా? 87 మాటలు, అర్ధాయువు 22 నిమిషాలు. నా టైపింగు వేగానికి కథ పూర్తయ్యేసరికి సగం మూలకం ఉండదు.

#45 కారంపొడి
118 ఇంకా ఘోరం. ఓగనెస్సాన్ బతికేది మిల్లీసెకను, రాయాల్సింది 118 మాటలు. మా బాబాయి పెళ్లి ఉపన్యాసం లెక్క, విషయం చిటికెడు, మైకు గంటన్నర.

#46 పాదరసం_పాప
@ఎనిమిదో_వరస మీ పేరు ఇప్పుడు అర్థమైంది. పట్టికలో ఏడు వరసలే ఉన్నాయి కదా. అంటే మీరింకా దొరకలేదన్నమాట.

#47 ఎనిమిదో_వరస
దొరక్కుండా ఉండటమే హాయి. ఉదజని ఇంకా మిగిలే ఉంది, ఎవరూ దాని జోలికెళ్లట్లేదు. నేను ఒకటి ట్రై చేశా: "అంటుకుంది." నా పరీక్షలో నేనే ఫెయిల్, తెల్ల భాస్వరం కూడా గాలి తగిలితే చాలు అంటుకుంటుంది.

#48 సంధి_విసంధి
"నక్షత్రమవ్వబోయినీరయ్యాను."

#49 పాదరసం_పాప
పండితులవారూ, #7 చదువుకోండి. అతికించకూడనివి అతికిస్తే ఎవరో ఊరుకోనన్నారు.

#50 సంధి_విసంధి
భావం చూడండి, ఖాళీ చూడకండి.

#51 తుత్తునాగం
భావం నిజంగా బావుంది సార్. నక్షత్రంలో మండాల్సింది, ఇక్కడ కొళాయిలో కారుతోంది. కానీ స్పేస్ కొడితే రెండయిపోతోంది, రెండంటే హీలియం గడి.

#52 ఊరికే_చూస్తుంటా
నీరుగారిపోయాను.

#53 కారంపొడి
ఓరి నీ.

#54 పాదరసం_పాప
ఎవరండీ మీరు 😭 మొదటి పోస్టా ఇది? ఒక్క మాట రాసి వెళ్లిపోయారు.

#55 ఎనిమిదో_వరస
నా డ్యూటీ నేను చెయ్యాలి కాబట్టి, ఆక్సిజన్ కూడా నీరే అవుతుంది. పరీక్షలో

#56 ఎనిమిదో_వరస
ఆగండి, సగంలో పోస్టయిపోయింది. ఆక్సిజన్‌కి ఎనిమిది మాటలు కావాలి. ఒక్క మాటతో నీరుగారేది ఉదజని ఒక్కటే. పాసు.

#57 సంధి_విసంధి
నీరు, కారు. కకారం గకారమైంది, గసడదవాదేశం. అతికాక ఒకటే మాట, విడదీసే హక్కు నాకు లేదు. నా నక్షత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

#58 బోరుబావి
మా తాన గూడ గిదే మాట, బోరు ఏసినంక చుక్క నీళ్లు రాకుంటె మనిషి నీరుగారిపోతడు. నీళ్లు లేక నీరుగారుడు.

#59 తుత్తునాగం
ఈ రాత్రికి చార్టు మీద రాస్తున్నా. ఉదజని గడిలో ఒక్క మాట, చుట్టూ తెల్లగా వదిలేస్తా. పిల్లలు రంగులేస్తామంటే ఒప్పుకోను. మిగతా గడులు నిండుతున్నాయి గానీ మొదటి రెండు వరసల్లో బెరీలియం ఒక్కటే ఖాళీ, చీటీ తీసినోడు కాలేజీ మానేశాడు. నాలుగే మాటలు, ఎవరైనా?

#60 నైట్‌షిఫ్ట్
డ్యూటీలోనే ఉన్నా, ఇదిగో. దాని లవణాలు తియ్యగా ఉంటాయని పాతరోజుల్లో దానికి గ్లూసినియం అని కూడా పేరుండేది, నాలిక మీద పెట్టి చూసేవాళ్లట. పచ్చి విషం.
"తియ్యగుందన్నాడు. తరవాత ఇంకేమీ అనలేదు."

#61 సంధి_విసంధి
తియ్యగా, ఉంది, అన్నాడు. విడదీస్తే అక్కడే మూ

#62 పాదరసం_పాప
పండితులవారూ పన్నెండైంది, పడుకోండి.